సూరతులో పాత బొమ్మల వేట

పాత పట్టుచీరలు, పాత జరీ కొంటామని కేకవేస్తూ వీధివెంట నడిచే మనిషిని ఎరుగని తెలుగు ఊరు తక్కువ. అతడు కొన్న చీర చీరగా మరెవరికీ చేరదు. జరీని వేరుచేసి కాల్చి, అందులోని వెండిని తీస్తారు. గద్వాల, ధర్మవరం మగ్గాలకు జరీ పంపే ఊళ్ళలో ముందు చెప్పదగినది సూరతు. జరీని తిరిగి వెండిగా మార్చే విద్య కూడ ఆ ఊరికి పాతదే. నిప్పులో పట్టుదారం పోతుంది, లోహం మిగులుతుంది. నేసినవారెవరో, కట్టుకొన్న పెండ్లికూతురెవరో ఆ కొలిమికి అక్కరలేదు. సూరతు పాతసామాను అంగళ్ళలో పూర్వకాలపు ఆటబొమ్మలను వెదికేవారి కథ ఈ కొలిమి దగ్గరనే ఆరంభించడం ఉచితం. బొమ్మకు అక్కడ ఎదురయ్యే మొదటి శత్రువు త్రాసు.

వేట కొత్తది కాదు. జహాంగీరు చక్రవర్తి కాలంలో సూరతు, ఖంబాయతు రేవులపై అధికారం నెరపిన ముకర్రబ్ ఖాన్ పడమటి ఓడలలో వచ్చే వింతవస్తువులకై కాచుకొని ఉండేవాడు. ఫిరంగులు ఎంత ధర చెప్పినా వెనుదీయవద్దని ఆజ్ఞాపించి చక్రవర్తి అతనిని గోవాకు పంపినాడు. 1612లో అతడు తెచ్చిన అపూర్వ జంతువులలో టర్కీకోడి ఒకటి. దానిని మన్సూర్ చిత్రించినాడు. 1613లో సూరతున కోఠీ నెలకొల్పుకొన్న ఆంగ్ల వర్తకులు ఇటువంటి కానుకలను తమ లేఖలలో తరచు 'టాయ్‌లు' అనే వ్రాసుకొన్నారు. ఆనాడు ఆ మాటకు పిల్లల ఆటవస్తువన్నది ఒక్కటే అర్థం కాదు. ముచ్చట గొలిపే చిన్నవస్తువు ఏదైనా టాయే. 1615లో రాయబారిగా సూరతున దిగిన థామస్ రో, తన సామానును రేవు అధికారులు సోదా చేయరాదని పట్టుబట్టి వారితో చాల పెనగులాడినాడు. చక్రవర్తి ముచ్చటపడిన బొమ్మకు చరిత్ర ఉన్నది. పసివాడు ముచ్చటపడిన దానికి లేదు.

ఆ రెండవ రకపు బొమ్మలే నేటి వేటగాళ్ళకు కావలసినవి. అవి అంగడికి చేరే దారి ఇది. గుజరాతులో పాత ఇనుము, ఇత్తడి, కాగితం కొనే వర్తకాన్ని 'భంగార్' అంటారు. ఇల్లు పడగొట్టినప్పుడో, అన్నదమ్ములు పంచుకొన్నప్పుడో, పెద్దావిడ పోయినప్పుడో అటకమీది సామాను ఒక్కసారిగా భంగార్ బండికెక్కుతుంది. చౌక్ బజారు, భాగళ్ చుట్టుపట్ల ఉన్న పాత నగరపు సందులలో చెక్క ఇళ్ళు పోయి అంతస్తుల మేడలు లేస్తున్నకొద్దీ ఈ బండ్లకు పని కలుగుతూ వచ్చినది. బండిమీది సామాను ఇత్తడి, రాగి, రేకు, చిల్లర అని విడిపోతుంది. చక్రాల పీటపై నిలిచిన ఇత్తడి ఏనుగు ఇత్తడిలో పడుతుంది. తాళంచెవి త్రిప్పితే నడిచే రేకు బొమ్మ రేకులో పడుతుంది. అక్కడినుండి కరగబోసేవాని కొట్టుకు ఎంతో దూరం లేదు. వేటగాడు రావలసినది ఈ నడుమనే. ఒక పూట ఆలస్యమైతే ఏనుగు గంటకో, చెంబుకో లోహమైపోతుంది.

రేకు బొమ్మల వయస్సు కనిపెట్టడానికి అడుగుభాగం చూడడమే మొదటి పాఠం. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం దిగుమతి వస్తువులపై పుట్టిన దేశం పేరు వేయవలెనని నిర్బంధించినది. అమెరికాను దృష్టిలో పెట్టుకొన్న జర్మను బొమ్మలపై దేశం పేరు కనబడడానికి అది ఒక కారణం. 'ఆక్రమిత జపాను' అన్న ముద్ర ఉంటే అది 1947కు 1952కు నడుమ తయారైన వస్తువని నిశ్చయంగా చెప్పవచ్చును. ఓడిపోయిన దేశం పిల్లల బొమ్మమీద కూడ తన ఓటమిని అచ్చువేసి పంపినది.

అచ్చుపోసిన చిన్న మోటారు కార్లది మరొక కథ. లివర్‌పూలులోని మెకానో సంస్థ 1934 నుండి 'డింకీ' అన్న పేరుతో అమ్మిన ఈ కార్లు జింకు ప్రధానమైన మిశ్రలోహంతో చేసినవి. ఆ లోహం ఇంచుమించు 385 సెంటిగ్రేడు డిగ్రీలకే కరుగుతుంది. కరగబోసేవానికి అంత సులువైన సరుకు అరుదు. యుద్ధానికి ముందు పోతపోసిన వాటికి లోపలినుండే మరొక శత్రువు కలదు. లోహంలో ఏ కొంచెం సీసం కలిసినా, వేడికి తేమకు ఏళ్ళ తరబడి లోలోపల తుప్పుపట్టి, పైపూత నిగనిగలాడుతుండగానే బండి నెరదీసి పొడిపొడి అవుతుంది. తపతీతీరపు ఉక్క ఈ జబ్బుకు పథ్యం కాదు, పోషణ.

రెండవ పంచవర్ష ప్రణాళికా కాలంలో విదేశీ మారకద్రవ్యపు కరవు వచ్చి, 1957 నుండి దిగుమతులు బిగిసిపోయినప్పుడు పరదేశపు బొమ్మలు బజారులో అపురూపమైనవి. 1960ల చివర డింకీ అచ్చులు కొన్ని కలకత్తాకు వచ్చినవి. అక్కడ పోసిన కార్లకు 'నిక్కీ' అని పేరు. అడుగున ఉన్న పాత పేరును చెరిపివేయడమో మార్చడమో చేసినారు. ఆ మార్పు ఎంత మోటుగా జరిగితే నేటి సేకర్తకు అంత ఇష్టం! ఒకనాడు నాసిరకమని పెద్దలు పెదవివిరిచిన ఆ స్వదేశీ కారుకోసం ఈనాడు విదేశీయులు కూడ వెదకుతున్నారు.

దిగుమతులు బిగియకముందు వచ్చిన బొమ్మలు సూరతు ప్రాంతానికి ఎట్లు చేరినవి? ఇందుకు తపతికి ఆవలి ఒడ్డున ఉన్న రాందేరును చూడవలెను. 1530లో పోర్చుగీసువారు సూరతుతోపాటు తగులబెట్టిన ప్రాచీనమైన రేవు అది. అక్కడి ముస్లిం వర్తకులు రంగూనులో దుకాణాలు పెట్టి, బర్మా టేకుతో స్వస్థలంలో మేడలు కట్టుకొన్నారు. సూరతు పరిసర గ్రామాలవారు దక్షిణాఫ్రికాకు, తూర్పు ఆఫ్రికాకు కూడ వెళ్ళినారు. సెలవులకు వచ్చేవారి పెట్టెలలో పిల్లలకు బొమ్మలు లేకుండునా? 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు, 1964లో అక్కడి దుకాణాలు జాతీయం చేసినప్పుడు, 1972లో ఉగాండా తొంబది దినాల గడువు విధించినప్పుడు, వచ్చినవారు సెలవుకు వచ్చినవారు కారు. కోరంగి రేవునుండి రంగూనుకు ఓడలెక్కిన కుటుంబాలు కలిగిన తెలుగువారికి ఈ తిరుగు ప్రయాణం వివరించనక్కరలేదు. అట్టి సమయంలో పెట్టెలో చోటు సంపాదించుకొన్న బొమ్మ సామాన్యమైనది కాదు. నగలను విడిచి బొమ్మను తెచ్చుకొన్న బిడ్డ ఉండి ఉండవచ్చును.

అయితే అంగడిలో బొమ్మను చేత పట్టుకొన్నవానికి ఇదేమీ తెలియదు. ఏ ఇంటినుండి వచ్చినదో చెబితే మరొకడు ఆ ఇంటికి పోవునని భంగార్ వర్తకుడు చెప్పడు. అడిగితే ధర పెరుగునని కొనేవాడు అడగడు. వేటగాడు త్రాసునుండి లోహాన్ని కాక బొమ్మను కాపాడినాడు, నిజమే. కాని ఆ బొమ్మను ఆడుకొన్నవారి పేరు అదే బేరంలో చెరిగిపోయినది. కరగబోసేవాడు రూపాన్ని పోగొట్టినాడు, సేకర్త జ్ఞాపకాన్ని పోగొట్టినాడు. రెండింటిలో మొదటిదే ఎక్కువ నష్టమని వాదించవచ్చును. రెండవది నష్టమే కాదనడం మాత్రం తగదు. అట్టపెట్టెతో సహా దొరికిన కారుకు గొప్ప ధర పలుకుతుంది. అంటే, ఏ బిడ్డా తనివితీర ఆడుకొననిదే మేలురకమని లెక్క. ఆ పెట్టెలు కూడ సూరతులో అరుదు. 1968లోను, 2006 ఆగస్టులోను తపతి ఇళ్ళలోనికి వచ్చి కాగితం అన్నదానిని తుడిచిపెట్టినది.

లోహమైనందున ఇవి ఇంతకాలమైనా నిలిచినవి. ఈడరు ఖరాదీలు తరిమెన పట్టి లక్కరంగు వేసిన కొయ్యబొమ్మలు చెదలకు, పొయ్యికి పోయినవి. ఏటికొప్పాక లక్కపిడతల గతి కూడ అదే గదా. లింబాయతు మరమగ్గాలవద్దకు తెలంగాణమునుండి తరలిన పద్మశాలీల ఇళ్ళలోను, పాత నగరపు గుజరాతీ ఇళ్ళలోను చీరపేలికతో చేసిన గుడ్డబొమ్మ ఒకటి ఉండవచ్చును. గుజరాతీలో దానిని 'ఢీంగ్లీ' అంటారు. పాత బట్టలకు స్టీలుగిన్నెలు ఇచ్చే స్త్రీ గడపవద్ద మూట విప్పి కూర్చున్నప్పుడు, ఇంటి ఇల్లాలు తెచ్చి పోసిన గుడ్డలలో అది కూడ కలిసిపోతుంది. ఆమె దానిని చేత తీసుకొని చూచి, గుడ్డగా లెక్కకట్టి, మూటలో వేసుకొంటుంది.