వీపుసంచి (దూరపు కాలినడక)

వీపుసంచి లేదా బ్యాక్‌ప్యాక్ అనగా రెండు భుజపట్టీలతో వీపుకు తగిలించుకొని మోసే సంచి. బడిపిల్లల పుస్తకాల సంచి కూడా ఈ కోవలోనిదే. అయితే కొండదారులలో రోజుల తరబడి నడిచేవారి సంచికి గట్టి చట్రము, నడుముకు బిగించుకొనే వెడల్పాటి పట్టీ ఉంటాయి. బరువులో ఎక్కువ భాగాన్ని భుజాల నుండి తుంటి ఎముకల మీదికి దించడం వీటి పని. సంచి కొలత కుదరకపోతే ఎంత ఖరీదైనదైనా ఆ పని చేయలేదు.

చరిత్ర

తెలుగునాట దూరం నడిచేవారు బరువును కావడితో భుజం మీద, లేదా చుట్టకుదురు పెట్టుకొని తలమీద మోసేవారు. అమెరికాలో డిక్ కెల్టీ 1952లో అల్యూమినియం చట్రము గల సంచుల తయారీ సంస్థను ప్రారంభించాడు. చట్రాన్ని సంచి లోపలే అమర్చే పద్ధతి 1960ల చివర గ్రెగ్ లోవ్‌తో ప్రచారంలోకి వచ్చింది.

కొలత

లీటర్లను చూసి సంచి కొనడం ఎక్కువమంది చేసే పొరపాటు. చూడవలసినది మొండెం పొడవు. మనిషి ఎత్తుకు, దీనికి నేరుగా సంబంధం లేదు. ఒకే ఎత్తున్న ఇద్దరికి వేర్వేరు కొలతల సంచులు అవసరం కావచ్చును. తల వంచినపుడు మెడ అడుగున పొడుచుకు వచ్చే ఎముక (ఏడవ మెడపూస) నుండి, రెండు తుంటి ఎముకల పైఅంచులను కలిపే ఊహారేఖ వరకు, వెన్నెముక వంపు వెంట టేపుతో కొలవాలి. ఇది ఒంటరిగా చేసుకొనే పని కాదు, మరొకరు కొలవాలి. కొలతల గుర్తులు ఒక్కో తయారీదారుకు ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి సెంటీమీటర్లనే నమ్మాలి.

దుకాణంలో ఖాళీ సంచిని తగిలించుకొని చూస్తే ఏమీ తెలియదు. ఏడెనిమిది కిలోల బరువు వేయించి, పట్టీలన్నీ వదులు చేసి, ముందుగా నడుముపట్టీని బిగించాలి. పట్టీ మధ్యభాగం తుంటి ఎముక మీద కూర్చోవాలి. పొట్ట మీదికి ఎక్కితే సంచి పొడవు చాలనట్లు. తరువాతనే భుజపట్టీలు, చివరకు ఛాతీపట్టీ. భుజపట్టీలను కొద్దిగా వదిలినా బరువు నడుము మీదనే నిలిస్తే కొలత కుదిరినట్లే. పావుగంట నడిచి, మెట్లు ఎక్కి దిగి చూడడం మంచిది.

పరిమాణము, బరువు

రెండు మూడు రోజుల నడకకు 40 నుండి 50 లీటర్ల సంచి సాధారణంగా సరిపోతుంది. నిండిన సంచి బరువు శరీర బరువులో ఐదవ వంతు మించరాదని నడకరులు పాటించే లెక్క. 60 కిలోల మనిషికి ఇది 12 కిలోలు.

ఈ లెక్కలో నీటిని మరువరాదు. ఉగాదికి ఆత్మకూరు వైపు నుండి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నల్లమల అడవిలో నడిచే భక్తులలో కర్ణాటక వారు ఎక్కువ. ఎండలు ముదిరే కాలమది. నాలుగు లీటర్ల నీరంటే నాలుగు కిలోలు, అనగా పైలెక్కలో మూడవ వంతు. భీముని కొలను లోయలోకి దిగి మళ్ళీ ఎక్కేచోట కుదరని సంచి దిగేటప్పుడు ముందుకు తోస్తుంది, ఎక్కేటప్పుడు వెనక్కు లాగుతుంది. అందుకే నీరు, బియ్యం వంటి బరువైన వస్తువులను వీపుకు ఆనించి, సంచి నడిమి ఎత్తులో సర్దాలి. పక్కజేబులలో సీసాలు పెట్టుకొన్నవారు ఒకదానినే ఖాళీ చేయక, రెండింటి నుండి మార్చి మార్చి త్రాగితే సంచి ఒకవైపుకు ఒరగదు.