ఖర్చు లెక్క చెప్పాలన్న చట్టం ఎక్కడ పుట్టింది?

మార్కాపురాన్ని జిల్లా చేయాలన్న మాట పడమటి ప్రకాశంలో ఏళ్ళ తరబడి నలిగింది. 1970 ఫిబ్రవరి 2న కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు నుంచి వచ్చాయి. గిద్దలూరు వాళ్ళకు అంతకుముందు కర్నూలు దూరం, ఆ తర్వాత ఒంగోలు దూరం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడూ మార్కాపురం పేరు రాలేదు. ఆందోళనలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు. చివరకు 2025 నవంబరులో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలు, సూచనలు చెప్పడానికి 30 రోజులు గడువిచ్చారు. ఆ గడువు ప్రభుత్వం దయతలచి ఇచ్చింది కాదు, 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం పెట్టిన షరతు. ఆ తంతు ముగిశాక డిసెంబరు 31 నుంచి మార్కాపురం జిల్లా అయింది.

ఇదీ ప్రభుత్వం చేత పని చేయించుకోవడమే. కాకపోతే ఎవరు ఏం అడిగారో కాగితం మీద ఉంది, దాని మీద తేదీ, ఆఫీసు ముద్ర ఉన్నాయి. రెండో రకం పైరవీకి ఈ కాగితం ఉండదు. క్వారీ లీజు కోసమో, బదిలీ కోసమో, ఆగిన కాంట్రాక్టు బిల్లు కోసమో ఎవరు ఏ మంత్రి పేషీ చుట్టూ తిరిగారు, అందుకు ఎవరి దగ్గర ఎంత ఫీజు పుచ్చుకున్నారు అని రాసిపెట్టమనే చట్టం మన దేశంలో లేదు.

అమెరికాలో ఉంది. విదేశాల తరఫున అక్కడ పనిచేసేవాళ్ళు పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం 1938లో వచ్చింది. చట్టసభ సభ్యుల దగ్గర లాబీయింగ్ చేసేవాళ్ళకు 1946లో ఒక చట్టం తెచ్చారు. అందులో కంతలు ఎక్కువై పనిచేయలేదు. దాని స్థానంలో 1995లో ఇంకోటి తెచ్చారు. 2007 సవరణ తర్వాత ప్రతి మూడు నెలలకూ లెక్క దాఖలు చేయాలి: క్లయింటు ఎవరు, ఏ విషయం మీద, ఎంత డబ్బు అని. ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు.

వాటిలో ఒక కాగితం 2012 డిసెంబరులో మన పార్లమెంటును స్తంభింపజేసింది. 2008 నుంచి లాబీయింగ్ మీద రెండున్నర కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టామని వాల్‌మార్ట్ అమెరికా సెనేట్‌కు లెక్క ఇచ్చింది. ఖర్చుపెట్టిన విషయాల జాబితాలో భారత మార్కెట్‌లోకి ప్రవేశం కూడా ఒకటి. చిల్లర వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడిని అనుమతించాలా వద్దా అని ఇక్కడ సభల్లో కొట్టుకుంటున్న రోజులవి. ప్రభుత్వం జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ వేసింది. మన దేశం గురించి జరిగిన పైరవీ ఖర్చు మనకు వాషింగ్టన్ దస్త్రాల నుంచి తెలిసింది! మరుసటి ఏడాది ఒడిశా ఎంపీ కాళికేశ్ నారాయణ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాలు వెల్లడించాలంటూ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రైవేటు బిల్లులకు మామూలుగా పట్టే గతే దానికీ పట్టింది.

కాబట్టి రాజకీయ డబ్బు గురించి లెక్క చెప్పి తీరాలని మన ఊళ్ళ దాకా వచ్చి అడిగే చట్టం ఏదంటే, ఎన్నికల ఖర్చు చట్టమే. సర్పంచి పదవికి నిలబడ్డ మనిషీ దానికి లోబడాల్సిందే.

దాని పుట్టిల్లు ఇంగ్లండు. 1880 పార్లమెంటు ఎన్నికల్లో అక్కడ డబ్బు, మద్యం ఏరులై పారాయి. కొన్ని పట్టణాల్లో లంచాల మీద రాయల్ కమిషన్లు వేసి విచారించాల్సి వచ్చింది. అప్పటి అటార్నీ జనరల్ సర్ హెన్రీ జేమ్స్ తెచ్చిన బిల్లు 1883లో చట్టమైంది. ఖర్చుకు పరిమితి పెట్టారు, డబ్బంతా ఒకే ఏజెంటు చేతి మీదుగా పోవాలన్నారు, ఫలితం వచ్చిన 35 రోజుల్లో లెక్క ఇవ్వాలన్నారు. ఆ తర్వాత అక్కడ ఎన్నికల ఖర్చు నిజంగానే తగ్గింది.

1919 సంస్కరణలతో మద్రాసు రాజధానిలో 1920లో శాసనమండలి ఎన్నికలు జరిగినప్పుడు ఇదే పద్ధతి ఇక్కడికీ దిగుమతి అయింది. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది. ఓటు ఉన్నవాళ్ళు కొద్దిమందే అయినా నిలబడ్డవాళ్ళు ఖర్చు లెక్క ఇవ్వాల్సిందే. స్వతంత్రం వచ్చాక 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం దీన్ని తనలో కలుపుకుంది. తొలి సాధారణ ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థికి చాలా రాష్ట్రాల్లో పరిమితి 25,000 రూపాయలు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు.

చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు దాకా అయిన ప్రతి ఖర్చుకూ లెక్క ఉండాలి. 78వ సెక్షన్ ప్రకారం ఫలితం వచ్చిన 30 రోజుల్లో దాన్ని జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, ఇవ్వాలి. 2024లో మన దగ్గర జూన్ 4న లెక్కింపు జరిగింది, జులై 4తో గడువు తీరింది. ఇవ్వనివాళ్ళను 10ఏ సెక్షన్ కింద మూడేళ్ళు అనర్హులను చేయవచ్చు. ఎన్నికల సంఘం అప్పుడప్పుడు విడుదల చేసే అనర్హుల జాబితాల్లో ఎక్కువగా కనిపించేది ఓడిపోయి, డిపాజిట్ పోగొట్టుకుని, ఆ ఊసే మరచిన ఇండిపెండెంట్లు. కోట్లు పెట్టారని ఊరంతా చెప్పుకునేవాళ్ళ లెక్కలు మాత్రం ఆడిటరు చేతి మీదుగా గడువులోగా చక్కగా అందుతాయి.

ఆ లెక్క పుస్తకాన్ని ఒకసారి చూడాలి. నామినేషన్ వేయగానే రిటర్నింగ్ అధికారి ఇచ్చే రిజిస్టర్ ఇది. తెల్ల కాగితాల్లో రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల్లో నగదు, పసుపు కాగితాల్లో బ్యాంకు ఖాతా. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ఎన్నికల కోసం ప్రత్యేకంగా ఖాతా తెరవాలి. ఒక మనిషికి మొత్తం మీద పదివేలు దాటి నగదు ఇవ్వకూడదు. షామియానా, కుర్చీ, సౌండ్ బాక్సు, కండువా, ఫ్లెక్సీ, టీ, టిఫిను, ప్రచార రథం, ఒక్కోదానికీ ఎంత కట్టాలో పార్టీలతో మాట్లాడి జిల్లా అధికారులే రేట్ల పట్టిక ఖాయం చేస్తారు. సభకు వీడియో బృందం వచ్చి కుర్చీలను, వాహనాలను చిత్రీకరించుకుపోతుంది. ఆ వీడియో చూసి అధికారులు తమ వైపున నీడ రిజిస్టర్ ఒకటి రాసుకుంటారు. అభ్యర్థి రాసింది, అధికారులు రాసింది ప్రచారం నడుస్తుండగా కనీసం మూడుసార్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. అభ్యర్థి వంద కుర్చీలని రాసి, వీడియోలో అయిదొందలు కనిపిస్తే నోటీసు వస్తుంది. కాగితం మీద చూస్తే ఇంత పకడ్బందీ పద్ధతి ఇంకెక్కడా లేదనిపిస్తుంది.

మరి గండి ఎప్పుడు పడింది? 1974లో. ఆ ఏడాది అక్టోబరు 3న కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, పార్టీ పెట్టిన ఖర్చునూ అభ్యర్థి ఖాతాలోనే కలపాలని తీర్పు చెప్పింది. పదహారు రోజుల్లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పార్టీయో మిత్రులో పెట్టింది అభ్యర్థి ఖర్చు కాదని 77వ సెక్షన్‌కు వివరణ తగిలించింది. తీర్పు మీద సిరా ఆరకముందే దాన్ని నీరుగార్చారు. ఆ వివరణను కుదించడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చుకే ఆ మినహాయింపు. ఇక రాసిన లెక్క నిజమా కాదా అని తేల్చే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని అశోక్ చవాన్ కేసులో 2014 మే 5న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకుముందే 2011లో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్, డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చు చూపలేదని అనర్హురాలయ్యారు. అలా పదవి పోగొట్టుకున్న తొలి సిట్టింగ్ ఎమ్మెల్యే ఆమే. దేశంలో ఎన్నికైనవాళ్ళు ఎంతమంది, ఈ చట్టం కింద దొరికినవాళ్ళు ఎంతమంది అని పోల్చుకుంటే నవ్వొస్తుంది.

గిద్దలూరులో 2019లో మెజారిటీ 81 వేలు దాటింది. 2024లో అదే నియోజకవర్గంలో వెయ్యికి లోపే. ఇంత బిగువుగా సాగిన పోటీలోనూ లెక్కలు 40 లక్షల గీతకు ఇవతలే ఉండాలి. ఆ గీతను నమ్మేవాళ్ళు అక్కడి కంభం చెరువు కట్ట మీద ఒక్కరూ దొరకరు. ‘ఎలక్షన్ అయిపోయినాక లెక్క ఎవరు చూస్తారులే’ అనేస్తారు. చట్టం కన్నా ఈ మాటే అభ్యర్థులకు పెద్ద రక్ష.

చూసే హక్కు మాత్రం మనకు ఉంది. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 87వది ప్రకారం, లెక్క అందిన రెండు రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారి తన ఆఫీసు నోటీసు బోర్డు మీద ఆ సంగతి పెట్టాలి. 88వ నియమం ప్రకారం, ఎవరైనా సరే ఒక్క రూపాయి కట్టి ఆ లెక్క తనిఖీ చేయవచ్చు, ఫీజు కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. ఓటరై ఉండాలని గానీ, కారణం చెప్పాలని గానీ లేదు.

ఈసారి ఎన్నికలయ్యాక అడిగి చూడండి. మీ ఊళ్ళో సభ జరిగిన తేదీ గుర్తుంచుకుని, ఆ రోజు తెల్ల కాగితంలో కుర్చీలు ఎన్ని, వాహనాలు ఎన్ని, భోజనాలు ఎన్ని రాశారో చదవండి. మీరు కళ్ళారా చూసినదానికీ రాసినదానికీ తేడా ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేయించిన నకలు మీ దగ్గర ఉంచుకోండి.