సంగటి ముద్ద వెనుక సముద్రయానం

నగరాల్లోని ఖరీదైన హోటళ్లు రాగి సంగటి, నాటుకోడి పులుసును అనాదిగా వస్తున్న రాయలసీమ భోజనంగా వడ్డిస్తున్నాయి. ఆ విస్తరికి అంత వయసు లేదు. పులుసుకు కారమిచ్చే మిరప మెక్సికో పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి పడమటి తీరానికొచ్చింది. చెనిక్కాయది, అంటే వేరుశనగది, దక్షిణ అమెరికా. ఈ రెండూ లేకుండా కడప కారందోసె ఎక్కడిది, కర్నూలు ఊరిబిండి ఎక్కడిది? అలాగైతే ఇది మన వంటే కాదంటారా? ముమ్మాటికీ మనదే. 1876-78 మహా కరువు చూసిన మెట్టనేల ఇది. ఒకప్పుడు చాలా ఇళ్లలో వరన్నం పండగపూట మాటే, మిగతా రోజుల్లో సంగటే. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో కచ్చాపచ్చాగా ఊరిబిండి నూరి, చప్పటి ముద్దకు రుచి కట్టింది ఇక్కడి ఆడవాళ్లే. ఆ పనితనం ఏ ఓడా మోసుకురాలేదు.