గన్నవరపు సీతమ్మగారు

మానవుడు తన నిశ్చయములను తానే చేసికొనుచున్నానని తలచును. తొలుత ఇల్లు, పిదప లోకము తనచేత వానిని చేయించుచున్నవని యెరుగడు. మన కోనసీమయం దిందులకు గొప్ప నిదర్శనము లంకలగన్నవరమున నిత్యాన్నదానము సలిపిన డొక్కా సీతమ్మగారు (1841–1909).

ఆమె పుట్టినిల్లు మండపేట. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే 'బువ్వన్న' యను పేరందిరి. అట్టి యింట పెరిగిన బిడ్డకు అన్నదానమును గూర్చి వేరుగ బోధింపవలసిన పని యేమి? గన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలై, గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు ఆమెయు నట్లే పెట్టిరి.

ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరిరట. త్రోవలో నొక పెండ్లివారి పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురని పెద్దలు ఓదార్చుచుండిరి. ఆ మాట చెవిని బడగానే ఆమె యాత్ర మాని వెనుదిరిగిరని చెప్పుదురు. పుట్టినింటి యలవాటు ఆమెను దాతను జేసెను. పరుల నమ్మకము ఆ దాతృత్వమును తప్పరాని ధర్మముగ జేసెను.

అయినను పెంపకము మేలునే నేర్పునని చెప్పరాదు. ఆ కాలముననే, ఈ సీమలోనే, పంక్తిభేదమును సదాచారమని నేర్చి పెరిగినవారును గలరు. సీతమ్మగారు కులభేదమెంచక పెట్టిరని ప్రసిద్ధి.

2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఉపాధ్యాయులమైన మేము పాఠమున సమత్వమును జెప్పి, భోజనవేళ పిల్లలు కులములవారీగ విడివడి కూర్చుండుట చూచియు నూరకుంటిమేని, వారు మా మౌనమునే నేర్తురు.