యూనిక్సు అమరికలు: రెండు వ్రాతల చరిత్రము

కంప్యూటరు తనంత తానేమియు నెఱుగదు. ఎవరిని లోనికి రానీయవలెను, ఏ పనిని ముందు మొదలిడవలెను, ఏ ఫాంటుతో తెఱపై అక్షరములు చూపవలెను అను కట్టుబాట్లన్నియు ముందుగా వ్రాసియుంచవలెను. ఆ వ్రాతలనే అమరికల ఫైళ్లందురు. అందొక్క తప్పు దొరలినను ఒక్కొక్కప్పుడు యంత్రమంతయు నిలిచిపోవును. కావున వానిని ఏ తీరున వ్రాయవలెనను ప్రశ్న పండితుల వినోదము గాదు. యజమాని తన యంత్రమును తానే చక్కదిద్దుకొనగలడా, లేడా యనునది దానిపై నాధారపడియున్నది.

1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్సు వ్యవస్థ నారంభించిరి. అందలి అమరికలు చాలవఱకు సాదా పంక్తులు. వాడువారి పట్టికయే చూడుడు: మనిషికొక పంక్తి, నేటి పద్ధతిలో పంక్తికి ఏడు అంశములు, వాని నడుమ మన విసర్గవంటి రెండు చుక్కలు. నాటి కరణముల లెక్కలు చూచినవారికిది వింత గాదు. గ్రెప్ అను చిన్న సాధనము కోరిన మాటగల పంక్తిని క్షణములో వెదకి చూపును.

అయినను ఈ పద్ధతికిని లోపము గలదు. ఒక ఫైలు అంశములను చుక్కలతో వేఱుచేయును, మఱియొకటి ఖాళీలతో వేఱుచేయును. ప్రోగ్రామున కొక వ్యాకరణము! పైగా ఒకదానిలో నొకటి యిమిడియుండు విషయములను విడి పంక్తులలో చెప్పుట కష్టము.

అదే 1969లో ఐ.బి.ఎం. సంస్థలోని చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు న్యాయవాదుల పత్రములకై వేఱొక మార్గము కనుగొనిరి. పత్రములోని ప్రతి భాగమునకు పేరుగల గుర్తు చేర్చుటయే ఆ మార్గము. 1986లో దాని నుండి ఎస్.జి.ఎం.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణ మేర్పడెను. దానిని సులభపఱచి 1998 ఫిబ్రవరి 10న ఎక్స్.ఎం.ఎల్. అను ప్రమాణమును వెలువరించిరి. మన కావ్యములందు ఆశ్వాసాంతమున గద్యమున్నట్లు, ఇందు పేరుతో మొదలైన ప్రతి భాగమును అదే పేరుతో ముగియవలెను. యూనికోడు నంగీకరించుటచే ఆ గుర్తుల పేర్లను తెలుగు లిపిలో సైతము వ్రాయవచ్చును.

గ్రంథములకై పుట్టిన యీ పద్ధతి క్రమముగా అమరికలలోనికిని వచ్చెను. 2005లో వెలువడిన సన్ వారి సొలారిస్ 10, ఆపిల్ వారి మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.4 అను రెండు వ్యవస్థలును తమ సేవల వివరములను ఇట్లే వ్రాసినవి. లినక్సునందు తెలుగున కే ఫాంటు వాడవలెనో నిర్ణయించు ఫాంట్‌కాన్ఫిగ్ అమరికలు నేటికిని ఎక్స్.ఎం.ఎల్. లోనే యున్నవి.

చిక్కు ఇచ్చటనే గలదు. ముగింపు గుర్తొక్కటి జాఱినచో, చదువు ప్రోగ్రాము అచ్చటనే సాధారణ పఠనమును నిలుపవలెనని నియమము. సాదా ఫైలులో ఒక పంక్తిని విడువదలచినచో చాలవఱకు మొదట నొక చిహ్నముంచిన చాలును. ఎక్స్.ఎం.ఎల్. లోనో, విడువదలచిన భాగమును వ్యాఖ్యగా మార్చవలెను. అందు ముందే యొక వ్యాఖ్య యున్నచో నది తప్పగును, వ్యాఖ్యలో వ్యాఖ్య యిముడదు. గ్రెప్ చూపిన పంక్తి ఏ భాగమునకు జెందినదో ఆ పంక్తిని బట్టి తెలియదు.

కారణములు పెక్కున్నను, 2010లో ఎక్స్.ఆర్గ్ వారు కీబోర్డు, మౌసుల అమరికలను ఎక్స్.ఎం.ఎల్. నుండి మరల సాదా పంక్తులకు మరల్చిరి. ఆ యేటనే వెలువడిన సిస్టమ్‌డి యను ప్రోగ్రామును పంక్తులనే గైకొనెను.

ఇంతమాత్రమున ఎక్స్.ఎం.ఎల్. నింద్యమని తలపరాదు. యంత్రమే వ్రాసి యంత్రమే చదువుచోట దాని కట్టుదిట్టము మేలు చేయును. దానిని చేతితో దిద్దువారు పాత ప్రతిని దాచి, ఎక్స్‌ఎంఎల్‌లింట్ వంటి సాధనముచే ముందు పరీక్షించుట మంచిది. నడిరేయి యంత్రము నిలిచినపుడు దిద్దవలసినవాడు మనుష్యుడే యైనచో, అతని కంటికి తప్పు వెంటనే కనబడు వ్రాతయే తగిన వ్రాత. చదువరి యెవరో తెలిసికొనిన పిదపనే వ్రాతను ఎన్నుకొనవలెను.