విచారణ – విశ్వాసం: లూర్దు నుంచి గుణదల దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. గద్వాల కోట గురించి, వనపర్తి సంస్థానం గురించి నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను మాత్రం ఒక పాత మిత్రునికి పడిన బాకీ తీర్చుకోవడానికి వేరే విషయం ఎత్తుకుంటున్నాను. క్రైస్తవులలో రోమన్ కాథలిక్కులు మరియమాత దర్శనాలను గురించి చెబుతారు గదా. ఆ దర్శనాలను వారి చర్చి ఎలా పరీక్షిస్తుందన్నది విషయం.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో పనిచేశాను. ఇవి మూడు జిల్లాలైంది 2016 అక్టోబరు 11న. మా రోజుల్లో అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. నా సర్వీసులో సగభాగం విచారణ ఫైళ్ళతోనే గడిచింది. ఫిర్యాదు, వాంగ్మూలం, పంచనామా, పై అధికారికి నివేదిక - ఇదే మన బ్రతుకు.

వనపర్తిలో నా పక్క సీటులో ఒక కాథలిక్కు మిత్రుడుండేవారు. నాకంటే పెద్దవారు కనుక నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "తమ్మీ" అనేవారు. ఏటా ఫిబ్రవరిలో సెలవు పెట్టి సకుటుంబంగా విజయవాడ గుణదలకు వెళ్ళి వచ్చేవారు. 1997లో, రిటైరైన కొద్ది నెలలకు, ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. దగ్గరి పల్లెలో ఒకరి ఇంట్లో శనివారం శనివారం మరియమాత కనిపించి మాట్లాడుతున్నదట. అక్కడ మందిరం కట్టాలట. గ్రాట్యుటీ డబ్బులో పెద్ద మొత్తం ఇద్దామనుకుంటున్నారు. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురుంది.

నేను నవ్వాను. "ఏందన్నా, చదువుకున్నోడివి, నువ్వు కూడా నమ్ముతవా?" అన్నాను. ఆయన లేచి నిలబడి, "రెండేండ్ల కింద వినాయకుడు పాలు తాగుతున్నడంటే చెంచా పట్టుకొని వరుసల నిలబడ్డది నువ్వు కాదా తమ్మీ?" అని వెళ్ళిపోయారు. నిజమే. 1995 సెప్టెంబరు 21న ఆఫీసు వదిలి ఆ వరుసలో నేనూ నిలబడ్డాను. రాతిని తాకిన పాలు తలతన్యత వల్ల చెంచాలోంచి పైకి లాగబడి, సన్నని పొరగా క్రిందికి జారిపోతాయని శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చూపించారు. అది తెలిసినా, ఆనాడు చెంచా పట్టుకున్నందుకు నేను సిగ్గుపడలేదు. మరి ఆయన్ను చూసి ఎందుకు నవ్వాను?

వారం రోజులు మనసు మనసులో లేదు. ఆ తరువాత ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. ఇద్దరం కలిసి వారి గురువుగారి దగ్గరకు వెళ్ళాం. కాథలిక్కులు తమ గురువు పరిధిలోని ప్రాంతాన్ని 'విచారణ' అంటారనీ, ఆయన 'విచారణ గురువు' అనీ నాకు ఆనాడే తెలిసింది. ఇరవై ఏళ్ళకు పైగా విచారణలు చేసినవాణ్ణి, ఆ మాటకు ఆశ్చర్యపోయాను.

గురువుగారు మా మిత్రుణ్ణి కసరలేదు, మెచ్చుకోనూ లేదు. చూశామంటున్న మనిషి నడవడి ఎలాంటిది? ఆరోగ్యం ఎలా ఉంది? చెప్పే మాటలు వేదబోధకు సరిపోతున్నాయా? ముందొకటి, వెనుకొకటి చెబుతున్నారా? డబ్బు ఎవరు వసూలు చేస్తున్నారు, లెక్క ఎవరి దగ్గరుంది? ఇలా నెమ్మదిగా అడిగారు. చివరి ప్రశ్నకు మా మిత్రుని దగ్గర జవాబు లేదు. "బిషప్పుగారికి తెలియజేస్తాను. అంతవరకు ఒక్క రూపాయి ఇవ్వకండి. మరియమాతకు తొందర లేదు" అన్నారు గురువుగారు.

ఆ ప్రశ్నలు ఆయన సొంతంగా కల్పించినవి కావని తరువాత చదువుకుంటే తెలిసింది. బిషప్పు అనుమతి లేకుండా కొత్త అద్భుతాలను అంగీకరించరాదని 1563లోనే ట్రెంట్ మహాసభ తీర్మానించింది. పోప్ ఆరవ పౌలు కాలంలో, 1978లో, వాటికన్ వివరమైన నియమాలు తయారుచేసింది. చూసినవారి మానసిక స్థిమితం, నిజాయితీ, బోధలో తప్పు లేకపోవడం, ప్రజల్లో కలిగిన మంచి ఫలితాలు అనుకూలాంశాలు. ధనాపేక్ష, అవినీతి, మనోవ్యాధి, బోధలో పొరపాట్లు ప్రతికూలాంశాలు. ఆ నియమాలను చాలాకాలం బిషప్పులకు మాత్రమే ఇచ్చారు. 2012లో గానీ బహిరంగంగా ప్రకటించలేదు.

ఇక మా మిత్రుడు ఏటా వెళ్ళే గుణదల సంగతి. అక్కడ మరియమాత ఎవరికో కనిపించిందని చాలామంది అనుకుంటారు. చరిత్ర వేరు. 1924లో, అక్కడి అనాథ బాలుర సంస్థకు అధిపతిగా ఉన్న ఇటలీ దేశపు గురువు ఫాదర్ ఆర్లాటి ఆ కొండ దగ్గర మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. భక్తి క్రమంగా పెరిగింది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు నేడు లక్షల మంది వస్తారు, వారిలో హిందువులూ ఎందరో. ఫిబ్రవరి 11 ఎందుకంటే, ఫ్రాన్సు దేశంలోని లూర్దులో మొదటి దర్శనం జరిగిన తేదీ అది.

1858లో ఆ రోజున, కట్టెలు ఏరుకోవడానికి వెళ్ళిన బెర్నదెత్ సుబీరు అనే పద్నాలుగేళ్ళ బీద పిల్లకు ఒక గుహలో తెల్లని దుస్తుల్లో ఒక స్త్రీ కనిపించింది. జూలై 16 వరకు మొత్తం 18 సార్లు. ఆ కుటుంబం ఉన్నది ఒకప్పటి జైలు గదిలో. మొదట అనుమానించింది ఊరి గురువే. పోలీసు కమిషనర్ జకోమె ఆ పిల్లను పిలిపించి వాంగ్మూలం వ్రాసుకొని, దాన్నే మార్చి చదివి వినిపించాడు. పిల్ల ప్రతి మార్పునూ పట్టుకొని సరిదిద్దింది. మన శాఖలో పనిచేసినవారికి ఇది ఎంత పెద్ద పరీక్షో వేరే చెప్పనక్కరలేదు. ఎవరు డబ్బిచ్చినా ఆ పిల్ల పుచ్చుకోలేదు. చెప్పడమే తన పని, నమ్మించడం కాదన్నది ఆమె వైఖరి.

ఆ జూలై నెలాఖరుకే తార్బ్ బిషప్పు లొరాన్స్ విచారణ సంఘాన్ని నియమించారు. ఈలోగా ఊళ్ళో మరెందరో తమకూ దర్శనాలయ్యాయన్నారు. వారి మాటలను అంగీకరించలేదు. మూడున్నరేళ్ళు గడిచాక, 1862 జనవరి 18న గానీ బిషప్పు అనుకూల తీర్పు ఇవ్వలేదు. 1883 నుంచి అక్కడ వైద్యుల కార్యాలయం ఉంది. స్వస్థత కలిగిందని నమోదైనవి ఏడు వేల పైచిలుకు కాగా, చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి డెబ్బయికి కొంచెం పైన మాత్రమే. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, స్వస్థత హఠాత్తుగా, పూర్తిగా, శాశ్వతంగా కలగాలి, మందుల వల్ల తగ్గినది కాకూడదు. నూటికి ఒకటి నెగ్గడమే కష్టమన్నమాట.

అన్నింటికీ ఇలా విచారణ జరగలేదు. తమిళనాడులోని వేలాంకన్ని ఆరోగ్యమాత సంగతి చూడండి. పాలు తీసుకుపోయే పిల్లవానికీ, మజ్జిగ అమ్మే కుంటి బాలునికీ మాత కనిపించిందన్నది తరతరాల ఐతిహ్యం. పశువుల కాపరికి దేవుడు కనిపించాడనే మన స్థలపురాణాలకు అది ఎంత దగ్గర! 2024 ఆగస్టులో వాటికన్ అక్కడి భక్తిని మెచ్చుకుంటూ, ఇతర మతాల యాత్రికులకు అక్కడ లభించే ఊరటను కూడా ప్రస్తావిస్తూ తంజావూరు బిషప్పుకు లేఖ పంపింది.

అదే ఏడాది మే 17న వాటికన్ కొత్త నియమాలు ప్రకటించింది. బిషప్పు సంఘం వేయాలి. అందులో వేదాంతి ఒకరు, చర్చి ధర్మశాస్త్రం తెలిసినవారు ఒకరు, ఆ సంఘటనకు సంబంధించిన నిపుణుడు ఒకరు కనీసం ఉండాలి. నివేదిక రోముకు పంపి, అక్కడి ఆమోదం వచ్చాకే నిర్ణయం ప్రకటించాలి. నిర్ణయాలు ఆరు రకాలు. చివరిది 'ఇది దైవికం కాదు' అన్నది. అన్నిటికంటే అనుకూలమైనది ఏమిటనుకున్నారు? 'అభ్యంతరం లేదు' అన్నది. మనం ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకునే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్టే! 'ఇది నిశ్చయంగా దేవుని కార్యమే' అనే ప్రకటన ఇకమీదట మామూలుగా ఉండదు. 1981లో దర్శనాలు మొదలయ్యాయని చెప్పే బోస్నియాలోని మెజుగోరియెకు 2024 సెప్టెంబరులో లభించింది ఈ నిరభ్యంతరమే.

ఇంకొక మాట. లూర్దువంటి చోట్ల అనుకూల తీర్పు వచ్చినా, కాథలిక్కు దాన్ని నమ్మి తీరాలని చర్చి చెప్పదు. నమ్మవచ్చు అంటుంది, అంతే. విచారణ విశ్వాసానికి శత్రువని నేననుకునేవాణ్ణి. దానికి కాపలా అని గురువుగారి గదిలో తెలుసుకున్నాను.

తరువాత ఏమైందంటారా? బిషప్పు విచారణ దాకా పోనే లేదు. లెక్కలు అడిగేవారు ఎక్కువయ్యేసరికి ఆ పల్లెలో శనివారపు సమావేశాలు ఆగిపోయాయి. ఆ మనిషికి ఏమి కనిపించిందో తీర్పు చెప్పడానికి నేనెవరిని? మా మిత్రుని గ్రాట్యుటీతో కూతురి పెళ్ళి జరిగింది. పెళ్ళి పందిట్లో వడ్డించినవారిలో నేనూ ఉన్నాను.

మరుసటి ఫిబ్రవరిలో ఆయన పట్టుబట్టి నన్ను గుణదల తీసుకువెళ్ళారు. నేను కొండ మెట్లు ఎక్కాను, కొవ్వొత్తి వెలిగించాను. దిగేటప్పుడు, "నమ్మినవా తమ్మీ?" అని నవ్వుతూ అడిగారు. "నిన్ను నమ్మిన అన్నా" అన్నాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

మన వయసులో పెన్షన్ డబ్బు కోసం, మనశ్శాంతి ఆశ చూపుతూ, ఏ మతం పేరుతోనైనా ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారు. మిత్రులారా, నవ్వకండి, తొందరపడకండి. ఆ గురువుగారిలాగా నెమ్మదిగా నాలుగు ప్రశ్నలు అడగండి. చివరి ప్రశ్న, అంటే లెక్క ఎవరి దగ్గరుందన్నది, మాత్రం మరువకండి.

సెలవు.