కుశస్థలి పతనం

2019 జులై 12న జోలార్‌పేటలో బయల్దేరిన ఒక రైలు కాట్పాడి, అరక్కోణం, తిరువళ్లూరు, పట్టాభిరామ్, ఆవడి దాటి మద్రాసు విల్లివాక్కం చేరింది. అందులో ప్రయాణికులు లేరు. యాభై వ్యాగన్లు, ఒక్కో వ్యాగన్‌లో యాభై వేల లీటర్ల కావేరి నీళ్ళు. రెండు వందల కిలోమీటర్లకు పైగా పట్టాల మీద మోసుకొచ్చిన ఆ నీళ్ళు మహానగరానికి ఒక్కపూటకైనా చాలేవి కావు. ఆ రైలు అరక్కోణం దాటాక పట్టాలకు అటూ ఇటూ కనిపించినవన్నీ చెరువు కట్టలే. ఆ కట్టల వెనక నీళ్ళు లేవు.

ఈ సీమలో చెరువు లేని ఊరు చూపించడం కష్టం. పల్లవుల కాలం నుంచి తవ్వుకుంటూ వచ్చారు. ఇక్కడి వానలు రెండు నెలల ముచ్చట. ఈశాన్య రుతుపవనం దీపావళికి కాస్త ముందు మొదలై మార్గశిరం ముగిసేసరికి వెళ్ళిపోతుంది. ఆ రెండు నెలల నీళ్ళతో పన్నెండు నెలలు బతకాలి. అందుకే ఒక చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు చేరేలా కట్టారు. తూము ఎత్తేందుకు ఊరికొక నీరుగంటి ఉండేవాడు. తిరునిన్రవూరులో చెరువు గట్టున రాముడికి గుడి కట్టి, చెరువును కాచిన రాముడని పేరు పెట్టుకున్నారు. కట్ట తెగకుండా చూడమని దేవుడికే అప్పగించేంత భయభక్తులు నీళ్ళంటే ఆనాడు ఉండేవి.

ఈ చెరువులన్నింటికీ తల్లి కుశస్థలి. తమిళులు కొసస్తలైయారు అంటారు. కావేరిపాకం చెరువు మిగులు నీరు, చిత్తూరు కొండల నుంచి దిగే నగరి ఏరు, తిరుత్తణి పక్కన పారే నంది ఏరు, అన్నీ కలిసి పూండి దగ్గర ఒక్కటవుతాయి. కేశవరం ఆనకట్ట దగ్గర చీలిన పాయ కూవమై పట్టాభిరామ్‌కు దక్షిణంగా పోతుంది. అసలు నది ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నది ఒడ్డున తెలుగు, తమిళం ఏనాడూ వేరుగా లేవు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు గీత మారింది గానీ పళ్ళిపట్టు, పొదటూరుపేటల్లో మగ్గాల మీది మాట మారలేదు. ఈ నది చావు మన ఇంటి చావే.

మద్రాసు దాహమే దీనికి మొదటి దెబ్బ. 1944లో పూండి దగ్గర కుశస్థలికి అడ్డంగా జలాశయం పూర్తయింది. దాని కోసం పాటుపడిన మేయరు సత్యమూర్తి పేరే దానికి పెట్టారు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ నిండితే దాదాపు పదకొండు టీఎంసీలు. అదీ చాలక 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కలిసి తెలుగుగంగకు శ్రీకారం చుట్టారు. శ్రీశైలం నుంచి వెలిగొండలు దాటి కండలేరు మీదుగా ఊత్తుకోట దగ్గర తమిళ గడ్డ తొక్కి, కృష్ణ పూండిలో కలిసింది. కరవు సీమల రైతులు తమ దాహాన్ని పక్కన పెట్టి ఇచ్చిన నీళ్ళవి. వాటిని అందుకున్న నగరం తన చెరువులను మాత్రం కాపాడుకోలేదు.

రెండో దెబ్బ కంటికి కనపడలేదు. కుశస్థలి, ఆరణి నదుల కింద ఇసుక పొరల్లో మంచి నీళ్ళున్నాయని 1960లలో తేలింది. వరసగా బోర్లు దింపి నగరానికి తోడారు. నది పక్కన రైతులు కూడా మడికి పెట్టడం మానేసి బావి నీళ్ళను లారీలకు అమ్ముకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, పంట కంటే నీళ్ళకే ఎక్కువ డబ్బు వచ్చే చోట ఏ రైతైనా ఆ పనే చేస్తాడు. మీంజూరు వైపు నేల లోపల ఖాళీ అయిన చోటుకు సముద్రం వచ్చింది. బావుల్లో ఉప్పు తేలింది. ఒకప్పుడు తియ్యటి నీళ్ళు తోడిన ఆ మీంజూరులోనే 2010లో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే కర్మాగారం పెట్టారు.

ఇవి మనుషులు నేరుగా చేసిన పాపాలు. వీటి మీద మూడోది వచ్చి పడింది. దాన్ని ఒప్పుకోవడానికే ఎవరికీ నోరు రావడం లేదు.

1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించింది. ఉష్ణమండల హిందూ మహాసముద్రం 1951 నుంచి 2015 మధ్య ఒక డిగ్రీ వేడెక్కిందని అదే నివేదిక చెప్పింది. ఒక డిగ్రీయేగా అనుకుంటాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలుగుతుంది. మోసినంతా ఒకేచోట దింపితే అది కుంభవృష్టి. మిగతా రోజుల్లో అదే వేడి నేలలో తడినీ, చెరువులో నీళ్ళనూ పీల్చుకుపోతుంది. మన చెరువులు లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ. కత్తిరి ఎండలకు అవి ఎంత త్వరగా అడుగంటుతాయో తిరుత్తణి వాళ్ళను అడగండి. రాష్ట్రంలో ఎండ నలభై డిగ్రీలు దాటిన ఊళ్ళ జాబితాలో వేసవి వేసవికీ వాళ్ళ ఊరు ఉంటుంది. అంటే కరవూ వరదా రెండు వేర్వేరు శత్రువులు కావు, ఒకే వేడికి రెండు చేతులు. వానను రెండు నెలలకు విస్తరించి పట్టేందుకు కట్టిన గొలుసు చెరువులు రెండు రోజుల్లో కుమ్మరించే వానకు నిలవలేవు.

తిరుత్తణి అంటే సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 5 దేశమంతటికీ ఉపాధ్యాయ దినం. 2014లో అదే రోజున ప్రధాని దేశంలోని బడిపిల్లలతో మాట్లాడారు. అస్సాం నుంచి ఒక విద్యార్థి వాతావరణ మార్పు గురించి అడిగాడు. వయసు మళ్ళినవాళ్ళకు ఈ ఏడు చలి ఎక్కువనిపించినట్టే, తట్టుకునే శక్తి మనలో తగ్గిందని, మారింది వాతావరణమా మనమా అని ఆలోచించాలని ప్రధాని జవాబిచ్చారు. ప్రకృతితో పోరాడకుండా కలిసి బతకాలనీ అన్నారు, అది మంచి మాటే. మరుసటి ఏడాది పారిస్ సభలో వాతావరణ మార్పు పెద్ద సవాలని ఆయనే చెప్పారు. కానీ గురువుల పండుగ నాడు ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు దేశం విన్న జవాబు, మారింది నీ ఒళ్ళే అని. తిరుత్తణి కొడుకు జీవితమంతా పిల్లల ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పిన మాస్టారు. ఆయన పేరు మీది రోజున అలా జరగకూడదు. అందుకే అది నన్ను ఇన్నాళ్ళూ బాధిస్తూనే ఉంది.

పారిస్ సభ 2015 నవంబరు 30న మొదలైంది. డిసెంబరు 1న మద్రాసు మునిగింది. ఆ నవంబరులోనే నగరంలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసింది, 1918 తర్వాత అంతటి నవంబరు లేదు. నిండిన చెరువుల మీద మళ్ళీ వాన. ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్లు. చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. రాష్ట్రంలో వందల మంది చనిపోయారు. తిరువళ్లూరు జిల్లాలో లేఅవుట్లుగా మారిన చెరువు గర్భాలకు నీళ్ళు తిరిగొచ్చాయి. నూరేళ్ళకోసారి వచ్చే వాన అన్న మాట అప్పుడే పుట్టింది. మొదట అధికారులు, ఆపైన టీవీలు, చివరికి నీళ్ళలో నడుములోతు నిలబడ్డవాళ్ళే అన్నారు. ఇంకో నూరేళ్ళు రాదులే అన్న ఊరట అందులో ఉంది.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ వానను నెదర్లాండ్స్, భారత్ తదితర దేశాల శాస్త్రవేత్తలు పరిశీలించి 2016లో ఫలితం ప్రచురించారు. అందులో భూతాపం పాత్ర స్పష్టంగా తేలలేదన్నారు. మద్రాసు ఎదుట బంగాళాఖాతం అంతకుముందు 35 ఏళ్ళలో చెప్పుకోదగ్గంత వేడెక్కలేదనీ, గాలిలోని కాలుష్యం వేడిని కప్పిపెట్టి ఉండవచ్చనీ వివరించారు. శాస్త్రం అంటే అదీ. తనకు అనుకూలంగా లేని ఫలితాన్ని కూడా చెబుతుంది. చూశారా, భూతాపమంతా కట్టుకథ అని కాలు మీద కాలు వేసుకునేవాళ్ళు ఆ నిజాయితీని తమ సోమరితనానికి వాడుకోవడం మాత్రం దారుణం. ఒక వానలో తేలకపోతే మిగతా వానల్లోనూ, ఎండల్లోనూ లేదని కాదు. అదే ఏడాది మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు, ఆ సంగతి డిసెంబరుకే మరిచిపోయాం. మద్రాసు వరద మనుషులు చేసిన విపత్తని తర్వాత కాగ్ తేల్చింది. ఆక్రమణలదే తప్పు, వాతావరణానిది కాదు అన్న వాదన అక్కణ్ణుంచి బలపడింది. రెండూ కలిసి చంపుతాయని ఎవరూ అనలేదు.

తర్వాతి ఏడు 2016లో ఈశాన్య రుతుపవనం తమిళనాడును నిలువునా ముంచింది, ఈసారి రాకుండా. డిసెంబరులో వర్దా తుపాను చెట్లను కూల్చి పోయింది గానీ చెరువులు నింపలేదు. 2018లో మళ్ళీ వాన తప్పింది. 2019 జూన్‌కి నాలుగు జలాశయాల్లోనూ నీళ్ళు ఒక శాతంలో చిన్న భాగమే మిగిలాయి. పూండి అడుగు పర్రెలు వారింది. హోటళ్ళు భోజనాలు తగ్గించాయి, ఐటీ కంపెనీలు ఉద్యోగుల్ని ఇంటి నుంచే పనిచేయమన్నాయి, ఆడవాళ్ళు అర్ధరాత్రి ప్లాస్టిక్ బిందెలతో వరస కట్టారు. అప్పుడు పాలకులు చెప్పింది ఏమిటంటే, కొరత ఉంది గానీ పత్రికలు పెద్దది చేస్తున్నాయని. ముందు జాగ్రత్త ఏదని హైకోర్టు నిలదీసింది. ఆ తర్వాతే పట్టాభిరామ్ మీదుగా నీళ్ళ రైలు వచ్చింది.

2021 నవంబరు 19న మద్రాసుకూ పుదుచ్చేరికీ మధ్య తీరం దాటిన వాయుగుండం తమిళ, తెలుగు గడ్డలు రెండింటినీ ముంచింది. ఆ రోజే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మద్రాసు, తిరువళ్లూరు జిల్లాల మీద రెండు రోజులు నిలబడి కుమ్మరించింది. ఆ వరదలో రిఫైనరీ నూనె కలిసి ఎన్నూరు కాలువలోకి దిగింది. కుశస్థలి సముద్రాన్ని కలిసే నోరు అదే. జాలర్ల పడవలు, వలలు, మడ చెట్లు నల్లగా అయ్యాయి. చిత్తూరు కొండల్లో తేటగా పుట్టిన నీరు పూండిలో బందీ అయి, ఇసుక కింద తోడబడి, వేడికి ఆవిరై, మిగిలిన కాస్తా నూనెతో కడలిని చేరింది. ఒక నది కథ ఇంతకంటే హీనంగా ముగియదు.

ఇక్కడ ఎవరూ భూమి వేడెక్కడం లేదని మైకు పట్టుకుని అరవరు. మన కాదనడం మెత్తగా ఉంటుంది. ఎండలు ఎప్పుడూ ఇంతే అంటాం. దేవుడి లీల అంటాం. కాలువ పూడిక తీస్తే సరిపోతుందంటాం. ఇదంతా అమెరికా వాళ్ళ పాపం, మనమేం చేయగలమంటాం. అందులో నిజం ఉంది కూడా, పొగ ఎక్కువ వదిలింది వాళ్ళే. కానీ ఎవరి పొగైనా మునిగేది మన వాకిలి. ఇంతలో పట్టాభిరామ్‌లో 2024 నవంబరులో 21 అంతస్తుల టైడెల్ పార్కు తెరిచారు. ఉద్యోగాలు వస్తాయి, రావాలి. వాటి వెంట ఇళ్ళూ వస్తాయి. ఆ ఇళ్ళకు ఖాళీగా కనిపించే నేల చెరువుల పక్కనే ఉంది. 2024 పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీలు మించి వేడెక్కిన మొదటి సంవత్సరమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఆ వార్తను ఇక్కడి ప్లాట్ల ప్రకటనల పక్కనే అచ్చువేశారేమో, ఎవరూ రెండూ కలిపి చదివినట్టు లేదు.

కుశస్థలిని చంపింది అజ్ఞానం కాదు. అన్నీ కళ్ళ ముందే జరిగాయి, అంకెలు ప్రభుత్వమే అచ్చువేసింది. తెలిసీ వేరే పేరు పెట్టుకున్నాం, నా తీర్పు అది. ఆవడి, పట్టాభిరామ్, తిరునిన్రవూరుల్లో ఇల్లు కొనబోయే తెలుగువాళ్ళకు నా విన్నపం: పాత రెవెన్యూ పటం తెప్పించి మీ ప్లాటు కింద చెరువు ఉందేమో చూడండి. ఉంటే కొనకండి, ఎంత చవకైనా సరే. ఈసారి వీధిలోకి నీళ్ళొచ్చినప్పుడు ఎవరైనా నూరేళ్ళకోసారి అంటే, 2015, 2021, 2023 అని వాళ్ళ ముందు లెక్కపెట్టండి. మీ పిల్లవాడు ఆ అస్సాం కుర్రాడి ప్రశ్నే మిమ్మల్ని అడిగితే, అవును నాన్నా, వాతావరణం మారింది, మార్చింది మనుషులే అని జవాబు చెప్పండి.